'నేనుతో' అనం కదా! ప్రిపొజిషన్లూ ప్రొనౌన్లూ ఒకటే పాఠం

బడి ముఖం చూడని మనిషి కూడా 'నేనుతో రా' అనడు, 'నాతో రా' అంటాడు. 'నేనుకు ఇవ్వు' అనడు, 'నాకు ఇవ్వు' అంటాడు. 'తో', 'కు', 'మీద', 'గురించి' లాంటివి వెనక చేరేసరికి 'నేను' కాస్తా 'నా' అయిపోవాలని మనల్ని కూర్చోబెట్టి ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషులో 'విత్', 'టు', 'ఆన్', 'అబౌట్' లాంటివి ముందొచ్చినప్పుడు 'ఐ' పోయి 'మీ', 'హి' పోయి 'హిమ్', 'దే' పోయి 'దెమ్' రావడం కూడా అచ్చం ఇదే వ్యవహారం.

అయినా నెల్లూరులోనో ఒంగోలులోనో స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల నోటుపుస్తకం తెరిస్తే 'విత్', 'టు' లాంటి ప్రిపొజిషన్లు ఒక చోట, 'ఐ', 'మీ' లాంటి ప్రొనౌన్లు, అంటే సర్వనామాలు, ఇంకో చోట ఉంటాయి. రెండిటికీ రెండు పట్టికలు. రెండూ బట్టీ పడతారు. తీరా ఇంటర్వ్యూలో నోరు తెరిచే సమయానికి ఏ పట్టికలో ఏముందో గుర్తు రాక టెన్షన్ పడతారు. నా దృష్టిలో ఇవి రెండు పాఠాలు కావు, ఒకటే. ఆ పాఠంలో సగం మనకు ఇంట్లోనే వచ్చేసింది. దాని పేరు విభక్తి, మాట చివర చేరే 'తో', 'కు', 'మీద' లాంటివే.

ఇందులో కొంత చరిత్ర ఉంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నామవాచకాల చివర కూడా విభక్తుల్లాంటి ప్రత్యయాలు ఉండేవి. పని చేస్తున్నది ఎవరు, ఎవరికి ఇస్తున్నారు అన్నది ఆ మాట చివరి అక్షరాన్ని బట్టి తెలిసేది. రానురాను ఆ చివరలు అరిగిపోయాయి. అవి చేసే పనిని మాట ముందు నిలబడే ప్రిపొజిషన్లూ, వాక్యంలో మాటల వరసా అందుకున్నాయి. ప్రొనౌన్లలో మాత్రం పాత రూపాలు కొన్ని మిగిలాయి. 'హి', 'హిమ్', 'హిజ్' అలా మిగిలినవే. అందుకే ఇంగ్లీషులో 'రవి' అన్న పేరు, 'రవీస్' అన్నప్పుడు తప్ప, ఎక్కడ పెట్టినా మారదు, 'హి' మాత్రం మారుతుంది. మనకు పేరైనా సర్వనామమైనా రెండూ మారతాయి. ఇల్లు 'ఇంట్లో' అవుతుంది, ఏరు 'ఏటికి' అవుతుంది, చెయ్యి 'చేత్తో' అవుతుంది. విభక్తి చేరేటప్పుడు ఇలా రూపు మారేవాటినే బళ్ళో ఔపవిభక్తికాలని చెప్పారు.

విభక్తుల గురించి ఆలోచించడం ఈ నేలకు కొత్త కాదు. తెలుగు వ్యాకరణాన్ని తెలుగులోనే మొదట రాసిన కేతన 13వ శతాబ్దపు కవి. తన దశకుమార చరిత్రను తిక్కనకు అంకితమిచ్చాడు. ఆ తిక్కన నెల్లూరు ఏలిన మనుమసిద్ధి దగ్గర మంత్రి.

ఇక ప్రిపొజిషనల్ ఫ్రేజ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక ప్రిపొజిషను, దాని వెనక ఒక పేరో ప్రొనౌనో. 'ఇన్ ది హౌస్', 'విత్ హర్', 'ఫ్రమ్ కావలి' అంతే. మనం 'ఇంట్లో', 'ఆమెతో', 'కావలి నుంచి' అని చివర తగిలించేదాన్ని వాళ్ళు ముందు పెడతారు. ఈ ఒక్క తేడా వల్ల వాక్యం మొత్తం తలకిందులవుతుంది. మనం పెద్దది ముందు చెప్పి చిన్నదానికి దిగుతాం: 'నెల్లూరు జిల్లాలో, కావలిలో, బస్టాండు దగ్గర, ఒక చిన్న ఇంట్లో ఉంటాం.' ఇంగ్లీషులో ఇల్లు ముందు, జిల్లా చివర: 'వియ్ లివ్ ఇన్ ఎ స్మాల్ హౌస్ నియర్ ది బస్ స్టాండ్ ఇన్ కావలి ఇన్ నెల్లూరు డిస్ట్రిక్ట్.' కాలం సంగతీ అంతే. 'రేపు ఆరింటికి ఒంగోలు స్టేషన్లో కలుద్దాం' అంటే మనకు రేపు ముందు, స్టేషను తర్వాత. వాళ్ళకు 'లెట్స్ మీట్ ఎట్ ఒంగోల్ స్టేషన్ ఎట్ సిక్స్ టుమారో.' చోటు ముందు, కాలం తర్వాత. తెలుగు వాక్యాన్ని చివరి నుంచి వెనక్కి చదువుకుంటూ పోతే చాలాసార్లు ఇంగ్లీషు వరస దానంతట అదే వచ్చేస్తుంది. మాట్లాడేటప్పుడు తడబడేవాళ్ళు ముందుగా సాధన చెయ్యాల్సింది దీన్నే.

ఇప్పుడు అందరినీ ఏడిపించే 'ఇన్', 'ఆన్', 'ఎట్' దగ్గరికి వద్దాం. పుస్తకాల తెలుగులో చూస్తే చాలాచోట్ల మూడిటికీ 'లో' అనే వస్తుంది, చిక్కంతా అక్కడే. కానీ మన నెల్లూరు, ఒంగోలు వైపు మాటలో ఒక మంచి సాధనం ఉంది. ఫోన్ చేసి 'యాడుండావు?' అని అడిగితే 'గేటు కాడుండా' అంటాం. ఆ 'కాడ' ఉంది చూశారూ, 'ఎట్'కి ఇంతకంటే దగ్గరి మాట నాకు కనబడలేదు. గేటు లోపలా బయటా, పక్కనా ముందా అన్నది అనవసరం. మ్యాపులో ఒక చుక్క పెట్టి 'ఇక్కడ' అని చూపించడమే. 'ఎట్ ది గేట్', 'ఎట్ ది బస్ స్టాండ్', 'ఎట్ ది డోర్'. లోపల ఉన్న సంగతి ముఖ్యమైతే 'ఇన్'. ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉంటే 'ఆన్', అది బల్ల మీద పుస్తకమైనా గోడ మీద క్యాలెండరైనా, ఆఖరికి పైకప్పుకు అతుక్కున్న బల్లి అయినా. 'ఐయామ్ ఇన్ ది బ్యాంక్' అంటే బ్యాంకు గోడల మధ్య ఉన్నానని. 'ఐయామ్ ఎట్ ది బ్యాంక్' అంటే బ్యాంకు కాడ ఉన్నానని, పని మీద వచ్చానని. రెండూ ఒప్పే, కాకపోతే చెప్పదలచుకున్నది వేరు.

బండ్ల దగ్గర దీనికి ఒక మెలిక ఉంది. మనం బస్సులో, రైల్లో, ఆటోలో, కారులో అంటాం, అన్నిటికీ 'లో'నే. ఇంగ్లీషులో ఎక్కి నిలబడి నాలుగడుగులు నడవగలిగే బండికి 'ఆన్': 'ఆన్ ది బస్', 'ఆన్ ది ట్రెయిన్'. విజయవాడ వైపు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు వస్తున్నవాళ్ళు 'ఐయామ్ ఆన్ ది పినాకిని' అనొచ్చు. ఒళ్ళు ముడుచుకుని కూర్చోవడమే తప్ప నిలబడే వీలు లేనిదానికి 'ఇన్': 'ఇన్ ఎ కార్', 'ఇన్ ఎన్ ఆటో'. కాళ్ళు అటూ ఇటూ వేసుకుని కూర్చునేదానికి మళ్ళీ 'ఆన్': 'ఆన్ ఎ బైక్'. ఏ బండి మీద వచ్చామన్న పద్ధతి మాత్రమే చెప్పాలంటే 'బై బస్', 'బై ట్రెయిన్'. అప్పుడు మధ్యలో 'ది', 'మై' లాంటివేవీ దూరకూడదు. 'బై మై బైక్' తప్పు, 'ఆన్ మై బైక్' ఒప్పు.

కాలానికి గంటలైతే 'ఎట్', రోజులూ తేదీలైతే 'ఆన్', నెలలూ సంవత్సరాలైతే 'ఇన్'. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం 'ఇన్ ది' తీసుకుంటాయి, రాత్రి ఒక్కటి 'ఎట్ నైట్'. దీనికి కారణం వెతక్కండి, అలవాటు చేసుకోండి.

'లోపు', 'కల్లా', 'దాకా' అనే మూడు మాటలు మనకు ఉన్నాయి కాబట్టి ఇంకో చిక్కు ఊరికే తీరిపోతుంది. చాలామంది 'బై', 'అంటిల్' మధ్య తికమకపడతారు. 'ఐదింటికల్లా వస్తా' అంటే 'బై ఫైవ్'. 'ఐదింటిదాకా ఉంటా' అంటే 'అంటిల్ ఫైవ్'. 'రెండు రోజుల్లోపు ఇస్తా' అంటే 'వితిన్ టూ డేస్'. 'అంటిల్ ఫైవ్ ఐ విల్ కమ్' అని ఎవరైనా అంటే, తెలుగులో 'ఐదింటిదాకా వస్తా' అన్నట్టు. చెవికే తెలిసిపోతుంది తప్పని.

'నుంచి' మాత్రం మనల్ని పక్కదారి పట్టిస్తుంది. 'రెండేళ్ళ నుంచి ఒంగోలులో ఉంటున్నా' అన్నది 'ఫ్రమ్ టూ ఇయర్స్ ఐయామ్ లివింగ్ ఇన్ ఒంగోల్' అయిపోతుంది. మన చుట్టుపక్కల రోజూ వినబడే వాక్యమిది. ఇక్కడ 'నుంచి' చేస్తున్న పని రెండు రకాలు. మొదలైన క్షణాన్ని చూపిస్తే 'సిన్స్': 'సిన్స్ 2022', 'సిన్స్ మండే'. గడిచిన కాలాన్ని కొలిచి చెబితే 'ఫర్': 'ఫర్ టూ ఇయర్స్'. పరీక్ష చాలా తేలిక. ఆ 'నుంచి' తీసేసి 'గా' పెట్టి చూడండి. 'రెండేళ్ళుగా' అనగలం కాబట్టి 'ఫర్'. 'సోమవారంగా' అనలేం కాబట్టి 'సిన్స్'. క్రియ కూడా మారాలి: 'ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ ఒంగోల్ ఫర్ టూ ఇయర్స్.' 'ఫ్రమ్' ఎప్పుడంటే ఒక చోటి నుంచి బయల్దేరినప్పుడు, ఒకరి దగ్గర తీసుకున్నప్పుడు, సోమవారం నుంచి శుక్రవారం దాకా అని రెండు కొసలూ చెప్పినప్పుడు.

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది 'నాకు' దగ్గర. 'కు' కనబడగానే 'టు' పెట్టేస్తాం. కానీ తెలుగులో ఆకలి, జ్వరం, ఇష్టం, కోపం, తెలివి, చుట్టరికం అన్నీ మనకు 'వస్తాయి' లేదా 'ఉంటాయి'. మనం వాటిని చేయం. ఇంగ్లీషులో వాటికి మనిషే కర్త. 'నాకు ఆకలేస్తోంది' అంటే 'ఐయామ్ హంగ్రీ'. 'నాకు ఇద్దరు తమ్ముళ్ళు' అంటే 'ఐ హావ్ టూ బ్రదర్స్'. 'నాకు ఈత వచ్చు' అంటే 'ఐ కెన్ స్విమ్'. 'నాకు చేపల పులుసు ఇష్టం' అంటే 'ఐ లైక్ ఫిష్ కర్రీ'. ఒక్కదాంట్లో కూడా 'టు మీ' లేదు. 'నాకాడ చిల్లర లేదు' కూడా ఈ గుంపులోదే. 'చేంజ్ ఈజ్ నాట్ దేర్ విత్ మీ' అని తిప్పలు పడక్కర్లేదు. 'ఐ డోంట్ హావ్ చేంజ్' అంటే సరిపోతుంది.

మరి 'టు మీ' ఎప్పుడు వస్తుంది? ఒక వస్తువో మాటో నిజంగా నా వైపు కదిలి వచ్చినప్పుడు. దీన్ని కళ్ళారా చూడాలంటే నెల్లూరు రొట్టెల పండుగను మించింది లేదు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పట్టుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె అని దేనికదే. ఒకావిడ చెరువులో నిలబడి, ఉద్యోగం వచ్చిన ఒకతని దగ్గర రొట్టె తీసుకుని చెల్లెలికి ఇచ్చిందనుకుందాం. 'షి స్టుడ్ ఇన్ ది వాటర్, టుక్ ఎ రోటీ ఫ్రమ్ హిమ్ అండ్ గేవ్ ఇట్ టు హర్ సిస్టర్. ఇట్ వాజ్ ఫర్ ఎ జాబ్.'

ఈ వాక్యాన్ని నెమ్మదిగా చూడండి. రొట్టె అతని దగ్గర బయల్దేరింది, అందుకు 'ఫ్రమ్'. ప్రిపొజిషను తర్వాత వచ్చాడు కాబట్టి 'హి' కాదు, 'హిమ్'. రొట్టె చేరింది చెల్లెలి చేతికి, అందుకు 'టు'. ఏ కోరిక కోసమో చెప్పేది 'ఫర్'. నీళ్ళలో కాళ్ళు మునిగి ఉన్నాయి, అందుకు 'ఇన్'. 'ఇచ్చింది' అన్నప్పుడు ఏమిచ్చిందో తెలుగులో మళ్ళీ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో 'ఇట్' లేకపోతే వాక్యం కుంటుపడుతుంది. 'తిన్నావా?' అంటే 'తిన్నా' అని ఒక్క మాటతో సరిపెట్టే భాష మనది, ఎందుకంటే తిన్నదెవరో ఆ క్రియే చెప్పేస్తుంది. ఇంగ్లీషు క్రియకు ఆ శక్తి లేదు. అందుకే ప్రతిచోటా 'ఐ', 'ఇట్', 'దే' నిలబెట్టాలి. చేసేవాళ్ళెవరూ లేకపోయినా సరే, వాన పడుతుంటే 'ఇట్ ఈజ్ రెయినింగ్' అనాల్సిందే.

తెలుగులో విభక్తి ఉండి ఇంగ్లీషులో ప్రిపొజిషను అసలే అక్కర్లేని క్రియలు కొన్ని ఉన్నాయి. వీటిని విడిగా మనసులో పెట్టుకోవడమే మార్గం. 'నాకు ఫోన్ చెయ్యి' అంటే 'కాల్ మీ', మధ్యలో 'టు' వద్దు. 'నాతో చెప్పాడు' అంటే 'హి టోల్డ్ మీ', 'విత్' వద్దు. 'నెల్లూరుకు చేరాం' అంటే 'వియ్ రీచ్డ్ నెల్లూరు'. 'ఇంటికి వెళ్ళా' అంటే 'ఐ వెంట్ హోమ్'. 'దాని గురించి చర్చించాం' అంటే 'వియ్ డిస్కస్డ్ ఇట్', 'అబౌట్' వద్దు. 'ఆమెను పెళ్ళి చేసుకున్నాడు' అంటే 'హి మ్యారీడ్ హర్', 'విత్' వద్దు. ఒకవేళ పెళ్ళయి ఉన్న సంగతి చెప్పాలంటే 'హి ఈజ్ మ్యారీడ్ టు హర్'. ఇక ఉద్వేగాల విషయంలో మన 'మీద'ను 'ఆన్' చేయడం పెద్ద పొరపాటు. 'నామీద కోపంగా ఉంది' అంటే 'షి ఈజ్ యాంగ్రీ విత్ మీ'. 'వాడంటే భయం' అంటే 'అఫ్రెయిడ్ ఆఫ్ హిమ్'. తెలుగు ప్రత్యయం నుంచి ప్రిపొజిషన్‌కు దారి వెతికితే దొరకదు. 'యాంగ్రీ విత్', 'అఫ్రెయిడ్ ఆఫ్', 'గుడ్ ఎట్' అని జంటగా నేర్చుకుంటేనే నోటికొస్తాయి.

ఇప్పుడు ఇంగ్లీషు ఇంటి భాషగా పెరిగినవాళ్ళు కూడా తప్పు చేసే చోటుకొచ్చాం. 'మై బ్రదర్ అండ్ ఐ' అనాలా, 'మై బ్రదర్ అండ్ మీ' అనాలా? చిన్నప్పుడు 'మీ అండ్ మై బ్రదర్ వెంట్' అంటే పెద్దవాళ్ళు దిద్దుతారు. ఆ దెబ్బతో 'అండ్ ఐ' అంటేనే మర్యాదైన ఇంగ్లీషన్న భ్రమ పట్టుకుంటుంది. దాంతో 'బిట్వీన్ యూ అండ్ ఐ' అని కూడా అనేస్తారు. మనకు ఆ భ్రమ అక్కర్లేదు, తెలుగు మనల్ని కాపాడుతుంది. 'నేనూ మా అన్నా వెళ్ళాం' అన్నప్పుడు 'నేనూ', అందుకే 'మై బ్రదర్ అండ్ ఐ వెంట్'. 'నాకూ మా అన్నకూ ఇచ్చారు' అన్నప్పుడు 'నాకూ', అందుకే 'దే గేవ్ ఇట్ టు మై బ్రదర్ అండ్ మీ'. మనం ఇద్దరికీ విడివిడిగా విభక్తి తగిలిస్తాం కాబట్టి ఎక్కడ 'నేను', ఎక్కడ 'నా' అన్నది స్పష్టంగా తెలుస్తుంది. 'నీకూ నాకూ మధ్య' అంటాం, 'నువ్వూ నేనూ మధ్య' అనం. కాబట్టి 'బిట్వీన్ యూ అండ్ మీ' మాత్రమే. 'నాకంటే పొడుగు' దగ్గర మాత్రం వ్యాకరణం పట్టుగా పాటించేవాళ్ళు 'దాన్ ఐ' అంటారు, మామూలుగా మాట్లాడేటప్పుడు అందరూ 'దాన్ మీ' అంటారు. దానికి భయపడక్కర్లేదు.

ప్రొనౌన్లలో మన దగ్గర ఎక్కువ ఉన్నవి కొన్ని, వాళ్ళ దగ్గర ఎక్కువ ఉన్నవి కొన్ని. 'మనం', 'మేము' రెండూ వాళ్ళకు 'వియ్' ఒక్కటే. 'మనం మైపాడు బీచ్‌కు పోతున్నాం', 'మేము మైపాడు బీచ్‌కు పోతున్నాం' మధ్య వినేవాడు ఉన్నాడా లేడా అన్న తేడా 'వియ్ ఆర్ గోయింగ్'లో పోతుంది. ఎదుటివాణ్ణి కలుపుకోవాలంటే 'యూ అండ్ ఐ' అనో 'లెట్స్ గో' అనో చెప్పుకోవాలి. 'మా'తో ఇంకా జాగ్రత్త. 'మా అమ్మ', 'మా ఊరు', 'మా ఆయన' అని మనం బహువచనంలో అంటాం, అది మన పద్ధతి. 'అవర్ హస్బెండ్' అంటే అర్థం ఎటుపోతుందో చెప్పక్కర్లేదు. 'మై మదర్', 'మై విలేజ్', 'మై హస్బెండ్' అనాలి. తోబుట్టువుల తరఫున కలిపి మాట్లాడేటప్పుడు మాత్రమే 'అవర్ మదర్'.

గౌరవం దగ్గర ఇంకో ఇబ్బంది. 'కలెక్టర్ గారు వచ్చారు' అన్న తెలుగు వాక్యంలో వచ్చింది ఆడో మగో తెలియదు. 'వచ్చారు' గౌరవాన్ని చెబుతుంది గానీ లింగాన్ని చెప్పదు. ఇంగ్లీషులోకి తిప్పి, పదవి పేరు బదులు ప్రొనౌన్ వాడాల్సి వస్తే 'హి'యో 'షి'యో తేల్చుకోవాలి. ఆ గౌరవ బహువచనాన్ని 'దే' అని దించేస్తే వినేవాళ్ళు ఎంతమంది వచ్చారని అడగొచ్చు. గౌరవమంతా 'సర్', 'మేడమ్', 'ప్లీజ్' లాంటి మాటల్లోనూ 'కుడ్ యూ' లాంటి అడిగే తీరులోనూ చూపించాలి తప్ప ప్రొనౌన్‌లో దానికి చోటు లేదు. తాతగారినైనా తమ్ముణ్ణైనా 'యూ' అనే అనాలి. అందులో అమర్యాద ఏమీ లేదు, నదురూ బెదురూ లేకుండా అనండి.

మన దగ్గర ఉండి వాళ్ళకు లేని గొప్ప మాట 'తన'. 'సుబ్బయ్య రమణయ్యతో తన కొడుకు గురించి మాట్లాడాడు' అంటే కొడుకు సుబ్బయ్య కొడుకే, సందేహం లేదు. రమణయ్య కొడుకైతే 'అతని కొడుకు' అంటాం. ఇంగ్లీషులో 'సుబ్బయ్య స్పోక్ టు రమణయ్య అబౌట్ హిజ్ సన్' అన్నప్పుడు ఆ 'హిజ్' ఎవరిదో చెప్పలేం. ఇలాంటి చోట ప్రొనౌన్ మీద నమ్మకం పెట్టుకోకుండా పేరే మళ్ళీ వాడాలి. ఉత్తరాల్లో, ఫిర్యాదుల్లో, పోలీసు స్టేషన్లో ఇచ్చే కాగితాల్లో ఇది చాలా ముఖ్యం.

ఇలాంటి గందరగోళమే ప్రిపొజిషనల్ ఫ్రేజ్‌తోనూ వస్తుంది. 'ది వాచ్‌మన్ హిట్ ది బాయ్ విత్ ది స్టిక్.' కర్ర ఎవరి చేతిలో ఉంది? వాచ్‌మన్ కర్రతో కొట్టాడా, కర్ర పట్టుకున్న కుర్రాణ్ణి కొట్టాడా? తెలుగులో 'కర్రతో', 'కర్ర పట్టుకున్న' అని రెండు వేరు వేరు మాటలున్నాయి. ఇంగ్లీషులో 'విత్ ది స్టిక్' రెండు పనులూ చేస్తుంది. క్రియకు అంటుకుంటే ఎలా కొట్టాడో చెబుతుంది, పేరుకు అంటుకుంటే ఏ కుర్రాడో చెబుతుంది. రాసేవాళ్ళు దాన్ని జరిపైనా పెట్టాలి, వాక్యం విప్పైనా చెప్పాలి: 'ది వాచ్‌మన్ యూజ్డ్ ఎ స్టిక్ టు హిట్ ది బాయ్' లేదా 'ది వాచ్‌మన్ హిట్ ది బాయ్ హూ వాజ్ హోల్డింగ్ ది స్టిక్.'

పేరుకు అంటుకున్న ఫ్రేజ్ మధ్యలో కూర్చుంటే క్రియను కూడా తప్పుదారి పట్టిస్తుంది. రొయ్యల చెరువుల వాళ్ళ ఇంటి పిల్లలు రాసే వాక్యమే తీసుకుందాం: 'ది ప్రైస్ ఆఫ్ ప్రాన్స్ హావ్ గాన్ అప్.' పెరిగింది రొయ్యలు కాదు, ధర. 'ఆఫ్ ప్రాన్స్'ను వేలితో మూసి చదివితే 'ది ప్రైస్ హాజ్ గాన్ అప్' అని తేలుతుంది. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ వర్కింగ్ ఇన్ చీమకుర్తి' కూడా అంతే. స్నేహితులు చాలామంది కాబట్టి 'ఫ్రెండ్స్', చీమకుర్తిలో పనిచేస్తున్నది ఒక్కడే కాబట్టి 'ఈజ్'.